నేను చదవకుండా వదిలేసిన వరుస

నిన్న సాయంత్రం కాలేజీలో చదివే మా మనవరాలు, పత్రికలో వచ్చిన ఒక వ్యాసం మీద తన అభిప్రాయం రాయాల్సి వచ్చి, ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నన్ను పక్కనే పెట్టుకుని, దర్శిలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసింది. ఏడో తరగతితో బడి మానేసిన మా చెల్లెలు ఆ వ్యాసమంతా చదివించుకుని విని, రాసినాయన చెప్పినదానికి రుజువెక్కడుంది, ఎదుటివాళ్ల వాదన ఎందుకు వదిలేశాడు అని అడుగుతుంటే, ఈ పిల్ల మురిసిపోతూ రాసుకుంది. ఈ వయసులో కూడా నాకు కడుపు మండిపోయింది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ ఇది చదివే మీలో చాలామంది నా ఈడువాళ్లే, మీ దగ్గర దాచడమెందుకు?

ఈ మంట నిన్నటిది కాదు. మా నాన్న పొదిలి దగ్గర రెండెకరాల మెట్ట చేను కౌలుకు చేసేవాడు. ఆయనకు అక్షరాలు రావు. తొలకరి ముందు విత్తనాలవాళ్ల జీపు మైకులో అరుచుకుంటూ వచ్చి కరపత్రాలు పంచి పోతే, మా పేటలో వాటిని చదివి వినిపించే పని నాది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ నేనే కాబట్టి కరపత్రాన్ని కూడా అదే గొంతుతో, అదే నిదానంతో చదివేదాన్ని. పెద్దవాళ్లు కూడా వాక్యం విన్నట్టే తలలు వంచుకుని వినేవాళ్లు. ఆ కాసేపూ నేనే రాణిని.

నాకంటే మూడేళ్లు చిన్నదైన చెల్లెలు దాన్ని చెడగొట్టింది. ఒక ఏడు పైర్లకు చల్లే బలం మందు కరపత్రం మీద, ఏపుగా ఎదిగిన వరిచేలో నవ్వుతూ నిలబడ్డ పొన్నూరు రైతు బొమ్మ వేశారు. నేను చదవడం ముగించానో లేదో, "నాన్నా, పొన్నూరులో కాలవ నీళ్లుంటై గదా, ఆ చేను ఎదిగింది మందుకా, నీళ్లకా?" అంది. నాన్న దాన్ని దగ్గరికి లాక్కుని తల నిమిరాడు. నా గొంతు గురించి ఆ రోజు ఎవరూ ఒక్క మాటనలేదు. అప్పటినుంచి నేను చదువుతుంటే నాన్న దాని ముఖమే చూసేవాడు.

మరుసటేడు పత్తి విత్తనాల కరపత్రం వచ్చేసరికి చెల్లెలు జ్వరంతో మంచం మీద ఉంది. చదువుకుంటూ అడుగుకు వచ్చేసరికి, చీమల్లాంటి అక్షరాలతో, నీటి వసతి ఉన్న నేలలకు మాత్రమే అని ఉంది. అది పైకి చదివితే చెల్లెలు అందుకుంటుంది, నాన్న మళ్లీ పొంగిపోతాడు. నేను అక్కడే ఆపి కాగితం మడిచేశాను. "కింద ఇంకేమన్నా ఉందా అక్కా?" అంది మంచం మీద నుంచే. ఏమీ లేదన్నాను. అయితే వేద్దాం నాన్నా అని అటు తిరిగి పడుకుంది.

నాన్న ఆ విత్తనమే వేశాడు. వానలు నడిమధ్యన మొహం చాటేశాయి. చుట్టుపక్కల పాత విత్తనాల చేలు ఎలాగో తట్టుకున్నాయి గాని, మా పత్తి పూత మీదే ఎండిపోయింది. ఇద్దరినీ చదివించలేనన్నాడు నాన్న. పరీక్షల దాకా వచ్చానని నన్ను బడిలో ఉంచి, చెల్లెల్ని మిరప కోతలకు పంపారు. ఆ చీమల్లాంటి అక్షరాల సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. అది వెళ్తూ వెళ్తూ తన పుస్తకాల సంచి నాకే ఇచ్చింది.

ఇప్పుడు మైకు జీపులు రావు. ఎవరి ఫోన్లో వాళ్లు చదువుకుంటున్నారు, చదివి వినిపించే గొంతు ఎవరికీ అక్కర్లేదు. నిన్న ఫోన్ పెట్టేసే ముందు మనవరాలు, ఇవన్నీ నీకెవరు నేర్పారు చిన్నమ్మమ్మా అని అడిగింది. "ఇంకెవరమ్మా, మీ అమ్మమ్మే. ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించేది మాకు," అంది మా చెల్లెలు.

ఏ కాగితాన్నీ ఊరికే నమ్మని మనిషి, ఇన్నేళ్లలో నన్ను మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు. దాని తెలివిని చూసి కుళ్లుకోవడం నాకు అలవాటే. నిన్నటినుంచి మాత్రం, ఒక మనిషిని అంతగా నమ్మగలిగిన దాని మనసును చూసి కుళ్లుకుంటున్నాను.