ఏలీయా పేనిన ఉయ్యాల తాడు

మండవల్లి అవతల, ఏడాదిలో సగం రోజులు కొల్లేటి నీళ్ళు గడప దాకా వచ్చి పోయే ఒక చిన్న లంకలో ఏలీయా కాపురం. తుంగ కోసి, కట్టలు కట్టి, తాటిదోనెలో వేసుకుని వెళ్ళి చాపలు అల్లేవాళ్ళకు అమ్మడం ఆయన పని. మనిషి పొడగరి. చేతిలో ఉండే గడకర్రలాగే సన్నగా, నల్లగా, నిటారుగా ఉండేవాడు. మాట తక్కువ. ఆదివారం గుడిలో పాట అందుకుంటే మాత్రం ఆ గొంతు నీళ్ళ మీద చాలా దూరం పోయేది.

అయితే ఆ లంకలో ఆడవాళ్ళు ఆయన్ని తలుచుకునేది తుంగ కోసమూ కాదు, పాట కోసమూ కాదు. పసిపిల్లల నిద్ర కోసం. ఎవరింట్లో బిడ్డయినా నిద్రపోకుండా పేచీ పెడితే తల్లి సంకన వేసుకుని రేవుకు వచ్చేది.

“ఏలీయా బాబాయ్, దీన్ని కాసేపు తిప్పుకురా. నీకు పుణ్యముంటాది. పొద్దుటి నుంచీ నా ప్రాణం తోడేస్తంది.”

ఏలీయా బిడ్డను అందుకునేవాడు. దోనెలో ఎండు తుంగ వేసి, దాని మీద పాత పంచె పరిచి, బిడ్డను పడుకోబెట్టి గడ అందుకునేవాడు. కలువాకుల మధ్యగా ఒక చుట్టు తిరిగి రేవుకు వచ్చేసరికి బిడ్డ ఒళ్ళు మరిచి నిద్రపోతూ ఉండేది.

“మగాడివి, ఇదెక్కడ నేర్చావు బాబాయ్?” అని కొత్తగా కాపురానికి వచ్చిన కోడలెవరైనా అడిగితే, పక్కనున్న ఆడవాళ్ళు మోచేత్తో పొడిచి ఊరుకోమనేవారు. పాతవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

పెళ్ళయిన కొత్తలో ఏలీయాకు, ఆయన భార్య యేసమ్మకు ఒక మగబిడ్డ పుట్టాడు. ఆ రోజుల్లో కూలికి పోయే తల్లులందరూ చేసే పనే యేసమ్మా చేసింది. ఆవగింజలో సగమంత నల్లమందు చనుబాలలో రంగరించి, బిడ్డ నాలుక మీద రాసి, కునుకు పట్టాక తుంగకోతకు వెళ్ళింది. మధ్యాహ్నం బిడ్డ కదిలాడు. కోడలు పొద్దున్నే మందు రాసిన సంగతి ఏలీయా తల్లికి తెలియదు. ఆవిడా అంతే మందు రాసింది. ఇద్దరిదీ ప్రేమే. సాయంత్రం ఏలీయా దోనె కట్టేసి వచ్చేసరికి ఇంట్లో చప్పుడు లేదు.

“పడుకున్నాడురా నాయనా. ఇవాళ ఎంత బుద్ధిగా పడుకున్నాడో!” అంది తల్లి.

బిడ్డ మరి లేవలేదు.

ఏలీయా తల్లినీ ఏమీ అనలేదు, భార్యనూ ఏమీ అనలేదు. కానీ ఆ తరవాత రాజకుమారి పుట్టినప్పుడు, పిల్లను తనతోపాటే దోనెలో వేసుకుని పనికి పోవడం మొదలుపెట్టాడు. పాల వేళకు యేసమ్మ ఏ తుంగదుబ్బుల దగ్గర కోత కోస్తూ ఉంటే అక్కడికి గడ వేసుకుంటూ పోయేవాడు. “ఏరా, నువ్వు తండ్రివా, మంత్రసానివా?” అని తోటివాళ్ళు నవ్వారు. నవ్వనిచ్చాడు. నల్లమందు మాత్రం మళ్ళీ ఆ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.

ఏళ్ళు గడిచాయి. యేసమ్మ జ్వరంతో పోయింది. రాజకుమారిని తాడేపల్లిగూడెంలో వరదానం అనే కుర్రవాడికి ఇచ్చి పెళ్ళి చేశాడు. కుదురైనవాడు, పొలం పనులు చేసుకునేవాడు. తొలికాన్పుకు పిల్ల పుట్టింటికి వచ్చింది. తల్లి లేని లోటు తెలియకుండా ఏలీయా అక్క అచ్చమ్మ వచ్చి పురుడు పోసింది. పుట్టిన ఆడపిల్లకు దీవెన అని పేరు పెట్టారు. దీవెన నిద్ర గురించి ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించనే లేదు. పాలు తాగడం, దోనె ఎక్కడం, నిద్రపోవడం.

అయిదో నెల దాటాక వరదానం వచ్చి భార్యనూ పిల్లనూ తీసుకువెళ్ళాడు. ఆ సాయంత్రం ఏలీయా ఖాళీ దోనెలో అలవాటుగా తుంగ పరిచి, పంచె పరిచి, మళ్ళీ తనే తీసేశాడు.

తొలకరి పడి, కొల్లేరు మళ్ళీ ఒళ్ళు చేస్తున్న రోజుల్లో వరదానం ఒక్కడే వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు, మజ్జిగ తాగాడు, వాన గురించి మాట్లాడాడు. అసలు మాట నోటికి రావడం లేదు.

“పిల్లెలా ఉంది అల్లుడుగారూ?” అన్నాడు ఏలీయా.

“నిద్దరపోవట్లేదండి మామగారూ. పగలూ లేదు, రాత్రీ లేదు. రెప్పలు వాలతాయి, అంతలోనే కెవ్వుమంటాది. రాజకుమారి చిక్కి సగమైపోయిందండి. మా అమ్మ దిష్టి తీసింది, గుడి అయ్యగారి చేత ప్రార్థన చేయించింది. ఏమీ లాభం లేదు.” తల దించుకున్నాడు. “రేపో ఎల్లుండో గంగాధరరావుగారి చేలో నాట్లు మొదలండి. అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళాలి. అందుకని మా అమ్మ... నల్లమందు తెచ్చి పెట్టిందండి. మీతో ఒక మాట చెప్పమంది రాజకుమారి.”

ఏలీయా లేచి పాక వెనక్కి వెళ్ళాడు. అక్కడ, చిల్లిపడి పనికిరాకుండా పోయిన పాత దోనె బోర్లా పడి ఉంది. రాజకుమారి పెరిగిన దోనె అది. రంపం తెచ్చి, లావుగా ఉన్న మొదలు వైపు, పిల్ల పట్టేటంత ముక్క కోశాడు. అడుగు గుండ్రంగా ఉండటంతో నేల మీద పెట్టి తాకితే అటూ ఇటూ ఊగుతోంది. నీళ్ళ మీద ఊగినట్టే ఊగుతోంది.

“కొల్లేరు కావాలంటంది పిల్ల. అంతే,” అన్నాడు ఏలీయా.

ఏలూరు స్టేషనులో టికెట్టు కలెక్టరు వాళ్ళను ఆపాడు.

“ఏమిటయ్యా నెత్తిన? పడవా?”

“ఉయ్యాలండి.”

“ఉయ్యాలైతే తాళ్ళేవీ?”

“తాళ్ళు అక్కడున్నాయండి.”

“సరే, దిగేటప్పుడు లోతు చూసుకుని దిగు,” అన్నాడు ఆయన. ప్లాటుఫారం మీద నలుగురూ నవ్వారు. వరదానం సిగ్గుపడి నాలుగడుగులు ముందుకు నడిచాడు. ఏలీయాకు ఆ నవ్వులు వినిపించనే లేదు.

తాడేపల్లిగూడెంలో వియ్యపురాలు కృపమ్మ గుమ్మంలోనే ఎదురు వచ్చింది. భారీ మనిషి, పెద్ద గొంతు. ఆ గొంతుతో తిట్టినా, ప్రార్థన చేసినా, అన్నం తినమన్నా వీధంతా వినిపిస్తుంది.

“రండి అన్నయ్యగారూ, రండి! ఓసి నా తల్లో, దోనె తెచ్చారా! దోనె సరేనండి, కొల్లేరేదీ? చెంబులో పట్టుకొచ్చారా?”

రాజకుమారి లోపలినుంచి వచ్చి తండ్రిని చూసింది. కళ్ళ కింద నల్లగా చారలు. పిల్లను ఆయన చేతుల్లో పెట్టింది.

దీవెన తాతను గుర్తుపట్టినట్టే నవ్వింది. కానీ తుంగ పరిచి, పంచె వేసి, దోనెముక్కలో పడుకోబెట్టేసరికి ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది. ఏలీయా మెల్లగా ఊపాడు. ఇంకా ఏడ్చింది. వరదానం ఊపాడు. కృపమ్మ పాట ఎత్తుకుంది. ఎదురింటి పిల్ల వచ్చి గిలక్కాయ ఆడించింది. చివరికి కృపమ్మ పిల్లను ఎత్తి భుజాన వేసుకుంది.

“అన్నయ్యగారండీ, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో జరిగింది రాజకుమారి చెప్పింది. నాకూ గుండె ఉందండి. కానీ నా నలుగురు పిల్లలూ ఆ మందు మీదే పెరిగారు. వీణ్ణి చూడండి, దున్నలా లేడూ? రేపు పొద్దున చేలో దిగాలి. గట్టు మీద పిల్ల ఏడుస్తుంటే వంగిన నడుం ఎన్నిసార్లు ఎత్తనిస్తారు? ఆవగింజలో సగమే వేస్తాను, నా చేత్తోనే వేస్తాను.”

ఏలీయా అరుగు మీద కూలబడ్డాడు. తెచ్చిన దోనెముక్క వాకిట్లో ఒంటరిగా ఊగి ఊగి ఆగింది.

ఆ మధ్యాహ్నమంతా ఆయన చేసిన పనల్లా ఆ ఇంటిని చూడటమే. పిల్ల తల్లి రొమ్ము దగ్గర కళ్ళు మూస్తుంది. దూలానికి వేలాడే చీర ఉయ్యాలలో వేస్తారు. కాసేపటికి చెయ్యి కదుపుతుంది. “వచ్చా తల్లీ, వచ్చా!” అంటూ కృపమ్మ పొయ్యి దగ్గరనుంచి పరుగెత్తుకు వస్తుంది. ఉయ్యాల కుదుపుతుంది. పిల్ల మూలుగుతుంది. వరదానం ఎత్తుకుంటాడు. ఎదురింటి పిల్ల వచ్చి దీవెన బుగ్గ గిల్లుతుంది. అప్పటికి పిల్లకు కళ్ళు పూర్తిగా విచ్చుకుంటాయి, ఇక ఏడుపు. మళ్ళీ మొదలు. ఆ ఇంట్లో పిల్ల మీద ప్రేమకేమీ తక్కువ లేదు.

ఏలీయా తన చేతుల్ని చూసుకున్నాడు. ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. దోనెలో ఉన్నప్పుడు అవి ఏనాడూ ఖాళీగా లేవు. పిల్లలు దోనెలో మాత్రం కదలలేదా? కదిలేవారు. మొహం చిట్లించి మూలిగేవారు. గడ వదిలి ఎత్తుకుందామంటే దోనె వెళ్ళి నాచులో చిక్కుకుంటుంది. అందుకని ఊరుకునేవాడు. వాళ్ళు గుప్పిట నోట్లో పెట్టుకుని చప్పరించి, తల అటు తిప్పి, మళ్ళీ నిద్రలోకి జారేవారు. తాను నిద్రపుచ్చుతున్నానని ఊరంతా అనుకుంది. తనూ అనుకున్నాడు.

కానీ చేతులు కట్టుకు కూర్చోమంటే ఏ నాయనమ్మ వింటుంది?

ఎండ వాలాక ఏలీయా లేచి, ఉయ్యాల తాడు పట్టి చూశాడు. పాతబడి, పోగులు లేచి ఉంది.

“చెల్లెమ్మా, జనపనార ఉందా ఇంట్లో? రేపు గట్టు మీద కట్టాలంటే ఈ తాడు ఆగదు. కొత్తది పేనదాం.”

“అదీ మాటంటే,” అంది కృపమ్మ. నార తెచ్చింది.

రాజకుమారి పిల్లకు కడుపునిండా పాలిచ్చి ఉయ్యాలలో వేసింది. ఏలీయా కూతురిని నీళ్ళ బిందెతో కాలవకు పంపాడు. నారను పేటలుగా పాయలు తీసి, ఒక పేట కొస కృపమ్మకు, ఒక పేట కొస వరదానానికి ఇచ్చి, వాకిట్లో ఈ చివర వాళ్ళను కూర్చోబెట్టాడు. తాను ఆ చివర కూర్చుని రెండు పేటలనూ కలిపి మెలితిప్పుతూ పురి ఎక్కించడం మొదలుపెట్టాడు.

“బిగించి పట్టుకోండి. వదిలితే పేట విడిపోద్ది.”

“నాకు తెలీదా ఏంటండీ? నేనూ పేనినదాన్నే.”

తాడు సగం అయ్యేసరికి ఉయ్యాల కదిలింది. ఊఁ అంది పిల్ల.

“అయ్యో, లేచింది!” కృపమ్మ సగం లేచింది.

“వదలకండి.”

“పిల్లండీ!”

“తాడండీ.”

“రాజకుమారీ! ఒసే రాజకుమారీ!”

“అది కాలవకెళ్ళిందమ్మా,” అన్నాడు వరదానం. అతను కూడా లేవబోయి, చేతిలోని పేటను చూసుకుని ఆగిపోయాడు.

“ఏడుస్తందండీ అది! మీకు రాయిగాని ఉందా గుండెలో?”

“ఏడుపు కాదది చెల్లెమ్మా. నిద్దర కోసం దేవులాట. ఆకలేడుపు మీకు తెలీదా? ఇందాకేగా కడుపునిండా తాగింది. తనే వెతుక్కుంటంది, వెతుక్కోనివ్వండి.”

మూలుగు కొంచెం పెరిగింది. కృపమ్మ కళ్ళు మూసుకుంది. అప్పుడు ఆమె చేతిలోని నార సన్నగా వణకడం తెలిసింది. తన చెయ్యేమో అనుకుంది. కాదు. వణుకు ఆ చివరనుంచి వస్తోంది. కళ్ళు తెరిచి చూసింది. ఏలీయా తల వంచుకుని పేనుతూనే ఉన్నాడు. నిబ్బరంగా మాట్లాడిన మనిషి చేతులు మాత్రం గడగడ వణుకుతున్నాయి. కృపమ్మ తన కొస ఇంకా బిగించి పట్టుకుంది.

మూలుగు ఒకసారి సాగింది, విరిగింది. గుప్పిట చప్పరించే చప్పుడు వినిపించింది. తరవాత అదీ ఆగింది.

వాకిలి నిశ్శబ్దమైపోయింది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం చాలా రోజులుగా లేదు.

అప్పుడు ఏలీయాయే తాడు వదిలేశాడు. వదలకండి, వదలకండి అన్న మనిషి ఒక్క ఉదుటున లేచి ఉయ్యాల దగ్గరికి పరుగెత్తాడు. చీర అంచు తొలగించి, వంగి, పిల్ల ఛాతీకి దగ్గరగా చెవి పెట్టాడు. అలాగే ఉండిపోయాడు. వెచ్చగా ఊపిరి చెవికి తగిలింది. మళ్ళీ తగిలింది.

వెనక్కి తిరిగేసరికి పేటలు గిరగిరా తిరిగి మెలికలు పడి విడిపోయాయి. కృపమ్మ చేతిలో నార పీచు మిగిలింది. ఏదో ఒక ఎత్తిపొడుపు మాట వస్తుందని ఏలీయా తల దించుకుని నిలబడ్డాడు. కృపమ్మ పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ వీధివాళ్ళెవరూ ఏనాడూ ఎరగనంత చిన్న గొంతుతో అంది:

“ఉందా అన్నయ్యగారూ ఊపిరి?”

“ఉందమ్మా.”

“ఆ నల్లమందు భరిణె నా మోకాళ్ళ నొప్పులకు అట్టేపెట్టుకుంటాను. పిల్ల దగ్గరికి తేను. రేపు గట్టు మీద పిల్ల కదిలినా, చేలో నా చేతుల నిండా వరినారే ఉంటాది కదా, మీరు దిగులుపడకండి.” చిక్కుపడ్డ పీచు విడదీసి కొస పట్టుకుని మళ్ళీ నేల మీద చతికిలబడింది. “రండి, కూర్చోండి. తాడు మళ్ళీ పేనదాం.”

కాలవనుంచి బిందెతో వచ్చిన రాజకుమారి గుమ్మంలో ఆగిపోయింది. ఉయ్యాల కదలడం లేదు. వాకిట్లో తండ్రీ, అత్తా, మొగుడూ మాటా పలుకూ లేకుండా ఒక తాడుకు అటూ ఇటూ కూర్చుని ఉన్నారు. బిందె చప్పుడు కాకుండా దించి, గోడకు చేరగిలబడి కూర్చుంది. పురి సగం ఎక్కేలోపే ఆమెకూ నిద్ర పట్టేసింది.