ఛీఛీ రాజం బూట్లు

కువైట్‌లోని హవల్లీలో ఒక పాత బిల్డింగు డాబా మీది గదిలో ఐదుగురు మనవాళ్ళు ఉంటారు. అందరిలో పెద్దవాడు రాజం. ఎదురుగా ఉంటే 'రాజం కాకా', వీపు తిప్పితే 'ఛీఛీ రాజం'.

ఆ పేరు ఊరికే రాలేదు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళుగా రుమైథియాలో ఇళ్ళ ముందు కార్లు కడుగుతున్నాడు. తెల్లవారకముందే సైకిల్ హ్యాండిల్‌కు బకెట్టు తగిలించి, వెనక క్యారియర్ మీద గుడ్డలు కట్టుకుని బయల్దేరతాడు. తలుపు తెరిస్తే చాలు, సీటు సందులో అంటించిన చూయింగ్ గమ్, పసిపిల్లలు కక్కిన పాలు, ఎప్పుడో తిని వదిలేసిన ఖర్జూరపు గింజలు, వాటి మీద చీమలు. "ఛీ" అనకుండా రాజం ఒక్క కారులో తల పెట్టి ఎరుగడు. అంటూనే మూలమూలా తుడుస్తాడు. అసహ్యం లేనివాడికి మురికి కనబడదు కాబట్టి ఆ వీధిలో ఆయనంత బాగా కడిగేవాడు ఇంకొకడు లేడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, ఊరందరూ తొక్కిన అడుసు కడగడమే బతుకుతెరువైనవాడు ఏం చేస్తాడు?

అన్నింటికంటే ఆయనకు ఎక్కువ రోత చెప్పులంటే. గదిలో తూర్పు గోడకు కొండగట్టు అంజన్న పటం ఉంది. అది పెట్టిందీ ఆయనే, చెప్పులూ బూట్లూ గడప దాటి లోపలికి రాకూడదని రూలు పెట్టిందీ ఆయనే. పొద్దున స్నానం చేసి, అగరుబత్తి వెలిగించి, సింధూరం బొట్టు పెట్టుకున్నాక చెప్పును చేత్తో ముట్టడు. కాలితోనే దగ్గరికి లాక్కుని కాలితోనే తొడుక్కుంటాడు. ఈ మడి చూసి మిగిలినవాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు.

కువైట్‌లో చలి ఉంటుందంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. జనవరిలో తెల్లారగట్ల ఎడారి మీంచి వచ్చే గాలికి ఎదురు సైకిల్ తొక్కినవాడు నమ్ముతాడు. దానికి తోడు కార్ల మీది నీళ్ళన్నీ కారేది కాళ్ళ మీదికే. రాజానికి ఆరేళ్ళ నుంచి షుగరు, కాళ్ళు మొద్దుబారాయి. పోయిన చలికాలం గుడ్డ బూట్లలో నానీ నానీ ఎడమకాలి చిటికెనవేలు పగిలి నల్లబడింది. రెండు నెలలు క్లినిక్‌కు తిరిగి కట్టు కట్టించుకున్నాడు. కట్టు కట్టిన నర్సు అరుణజ్యోతిది కడప. చివరి రోజు ఆమె దాచకుండా చెప్పింది.

"చూడన్నా, ఈ తూరికి ఏలు నిలిచింది. మళ్ళా చలికాలం పుండు పడిందంటే తీసేస్తారు. కాలు తడవకూడదు, చలి తగలకూడదు. నీ కాలికి తెలివి లేదు. లోపల రాయి ఉన్నా అది నీకు చెప్పదు. బూటు ఏసుకునే ముందర రోజూ లోపల చెయ్యి పెట్టి తడుముకోవాల."

"బూటుల చెయ్యి పెట్టుడా?" అన్నాడు రాజం. ఆయన మొహం అప్పుడే పెట్టినంత వికారంగా అయింది. "తానం చేసి, బొట్టు పెట్టుకున్నంక?"

"బొట్టు పెట్టుకున్నాకే. నీకు ఏలు కావాలా, మడి కావాలా?"

తల ఊపి వచ్చేశాడు. తడవకుండా, చలి తగలకుండా చూసుకుంటే చాలునని, ఆ మూడో మాట క్లినిక్‌లోనే వదిలేసి వచ్చాడు.

డిసెంబరు వచ్చింది. మొదట మేజోళ్ళ మీద ప్లాస్టిక్ సంచులు కట్టుకుని తొక్కాడు. బయటి నీళ్ళు ఆగాయి గానీ లోపలి చెమట ఆగలేదు. మధ్యాహ్నం సంచులు విప్పితే కాళ్ళు ఉడికిన వంకాయల్లా ఉన్నాయి, ఆ వాసనకు గదిలో ఎవరూ అన్నం ముట్టలేదు. అది చూసి జాలిపడి ఒక ఇంటి యజమానురాలు, అక్కడ మామా అంటారు, తన కొడుకు మంచుదేశంలో వేసుకున్న బొచ్చు బూట్లు ఇచ్చింది. అందులో పిల్లి పడుకునేదట. ఆ సంగతి ఆమె చెప్పక్కర్లేదు, ముక్కే చెప్పింది. పైగా అడుగు మందం ఎంతుందంటే పెడల్ ఎక్కడుందో కాలికి దొరకదు. ఇక శుక్రవారం సంతలో 'వాటర్‌ప్రూఫ్' అని చీటీ కట్టిన జత కొన్నాడు. రెండో రోజుకే పైతోలు ఊడి కింద అట్ట బయటపడింది. తోలు కాదు, కాగితం. రాజానికి ఒళ్ళు మండింది. వాటినీ, పిల్లి బూట్లనూ, పాత గుడ్డ బూట్లనూ కలిపి కాలితో తన్నుకుంటూ తీసుకెళ్ళి చెత్తడబ్బాలో పారేశాడు. పాతవైనా ఉంచుకోమని నర్సింగ్ చెప్పబోతే వినలేదు.

నర్సింగ్ పక్క ఊరివాడే. ముప్పై ఏళ్ళుంటాయి, మధ్యాహ్నం నుంచి ఒక రొట్టెల దుకాణంలో డ్యూటీ. ఫహాహీల్‌లో ఆయిల్ కంపెనీవాళ్ళు కొనుక్కునే బూట్ల దుకాణం ఉందనీ, అందులో పనిచేసే బుడేన్ సాహెబ్‌ది రాయచోటి అనీ, మోసం చెయ్యడనీ అతనే చెప్పాడు. శుక్రవారం పని అయ్యాక బస్సెక్కి రాజం అక్కడికి పోయాడు.

బుడేన్ సాహెబ్ మొదట ముందు భాగంలో ఇనుము ఉన్న బూట్లు తీశాడు. రాజం లోపల కాలు పెట్టి వెంటనే తీసేశాడు.

"ఇనుము సల్లవడ్తది. పొద్దుగాల గీ ఇనుముల వేళ్ళు పెడితె మంచుగడ్డల పెట్టినట్టే."

"నిజమే," అని ఇంకో జత తీశాడు బుడేన్ సాహెబ్. "ఇది చూడు. లేసుల బూటు, నాలిక రెండు పక్కలా కుట్టేసినారు, నీళ్ళు దూరవు. బిగించి కట్టుకుంటే సైకిల్ తొక్కేదానికి ఇంతకన్నా మంచిది ల్యా. ఒక సైజు పెద్దది తీసుకో. మందం సాక్సు ఏసుకున్నా లోపల ఏళ్ళు ఆడాల. బిగుతుగా ఉంటే రక్తం ఆడక ఇంకా చలేస్తాది."

మాటలన్నీ నచ్చాయి. లేసులు నచ్చలేదు. రోజూ బొట్టు పెట్టుకుని వంగి చేతులతో బూటు పట్టుకుని కట్టుకోవాలి.

"చెయ్యి పెట్టకుంట ఏసుకునేటివి లేవా?"

బుడేన్ సాహెబ్ ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "ఉండాయి. గొట్టం బూట్లు. నిలబడి కాలు దూరిస్తే చాలు. లోపల ఉన్ని ఉంటాది. కానీ నోరు పెద్దది, జాగ్రత్త. ప్యాంటు బూటు మింద నుంచి కిందికి ఉండాల. లోపలికి దోపినావనుకో, కారు మీది నీళ్ళన్నీ బూట్లోకే."

రాజం వెంటనే ఒప్పుకోలేదు. బకెట్టు అడిగాడు. నీళ్ళతో బతికేవాడు చీటీని నమ్మడు. బూటులో టిష్యూ కాగితం వేయించి, చీలమండ దాకా నీళ్ళలో నిలబెట్టించి, చాయ్ తాగినంతసేపు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మొదటి జత కుట్టు దగ్గర తడి పీల్చింది. "ఛీ," అని పక్కకు తోయించాడు. రెండో జతలో టిష్యూ పొడిగా వచ్చింది. దాని అడుగు గరుకుగా ఉంది, పెడల్ మీద జారదు. చీలమండ దగ్గర వంగుతుంది.

"పెండ్లికూతుర్ని కూడా ఇంత చూసినారో ల్యాదో మీ ఇంట్లో," అన్నాడు బుడేన్ సాహెబ్ నేల తుడుచుకుంటూ.

ఆ తర్వాత పది రోజులు రాజం మొహం మీద ఎవరూ చూడనిదొకటి కనబడింది. నవ్వు అని చెప్పలేం గానీ, ఛీలు మాత్రం సగానికి తగ్గాయి. కాళ్ళు పొడిగా, వెచ్చగా ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం బూట్లు గడప బయట గోడకు ఆనించి నిలబెట్టి, లోపలికి వచ్చి వేళ్ళు లెక్కపెట్టుకున్నట్టు ఒక్కొక్కటీ చూసుకునేవాడు.

ఒక బుధవారం రాత్రి మబ్బు పట్టింది. డ్యూటీ నుంచి వచ్చిన నర్సింగ్ తన బూట్లు చేత పట్టుకుని గుమ్మం లోపల మూలన పెట్టబోయాడు.

"ఏంది గది?" అన్నాడు రాజం.

"వాన పడేటట్టున్నది కాకా. గీ ఒక్క రాత్రికి లోపట పెడ్త. నీయి గూడ తెస్త."

"దేవుని ముంగట చెప్పులా? ఛీ. తియ్. రూలు పెట్టిన నేనే తప్పుతనా?"

నర్సింగ్ తన బూట్లు తీసుకెళ్ళి నీళ్ళ ట్యాంకు కింద దూర్చాడు. రాజం బూట్లు ముట్టుకుంటే ఏమంటాడోనని వాటిని ఉన్నచోటే వదిలేశాడు. తెల్లవార్లూ వాన కురిసింది. పొద్దున తలుపు తీసేసరికి రెండు బూట్లూ నోళ్ళు తెరుచుకుని నిండా నీళ్ళతో నిలబడి ఉన్నాయి. అంత పరీక్ష చేసి కొన్నవి కదా, ఒక్క చుక్క బయటికి పోనివ్వలేదు.

వాన వల్ల ఆ రోజు పని లేదు. కానీ మర్నాడు వీధిలో ప్రతి కారూ బురద కొట్టుకుని ఉంటుంది, ప్రతి ఇల్లూ రాజం కోసం చూస్తుంది. వేసుకుపోదామంటే వేరే జత లేదు, ఉన్నవి ఆయనే తన్నుకుంటూ వెళ్ళి పారేశాడు. పాత అరబ్బీ పేపర్లు ఉండలు చేసి బూట్లలో కుక్కాడు. చేత్తో కాదు, చీపురు కర్రతో. మధ్యమధ్య అదే కర్రతో తడి ఉండలు బయటికి లాగి పొడివి దోపాడు. తాను చేస్తాను ఇమ్మని నర్సింగ్ అడిగితే, "నువ్వు ఆ చేత్తోనే రొట్టె తింటవు," అని కసిరాడు.

శుక్రవారం పొద్దున స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నిలబడి బూట్లలో కాళ్ళు దూర్చాడు. ఎడమ బూటు కొనలో ఒక పేపరు ఉండ మిగిలిపోయింది. నాని, ఎండి, గట్టిపడి ఉంది. చెయ్యి పెట్టి ఉంటే దొరికేది. కాలు చెప్పలేదు. దాన్ని తొక్కుకుంటూ హవల్లీ నుంచి రుమైథియాకు పోయాడు, బురద కార్లన్నీ కడిగాడు, తిరిగి వచ్చాడు.

మధ్యాహ్నం బూటు విడిచాక మేజోడు కొన ఎర్రగా ఉండడం నర్సింగ్ చూశాడు. బయటికి పోయి బూటులో చెయ్యి పెట్టాడు. రాయిలా ఉన్న కాగితపు ఉండ తీసి రాజం ముందు పెట్టాడు. దాని మీద రక్తం ఆరిపోయి ఉంది. రాజం దానికేసి చూసి మొహం తిప్పుకున్నాడు. ఈసారి రోత కాగితం మీద కాదు, తన మీద.

పుండు మానలేదు. మూడు వారాలకు పెద్దాసుపత్రిలో చిటికెనవేలు తీసేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నలుగురూ అనుకున్నారు. మందుది తప్పు కాదని రాజానికి మాత్రం తెలుసు. కట్టు మార్చడానికి క్లినిక్‌కు పోతే అరుణజ్యోతి ఒక్క మాటే అంది.

"చెయ్యి పెట్టి చూసుకోమన్నా గదన్నా."

రాజం కాలు ఆమె ముందుకు చాచి, తల వంచుకుని కూర్చున్నాడు.

నెల రోజులు సైకిల్ ఎక్కొద్దన్నారు. నెల రోజులు పోకపోతే ఆ ఇళ్ళు వేరేవాడి చేతికి పోతాయి. అడక్కుండానే నర్సింగ్ తెల్లారగట్ల లేచి ఆ బకెట్టూ ఆ సైకిలూ తీసుకుని రుమైథియా పోవడం మొదలుపెట్టాడు. పోయేది ఆ బూట్లు వేసుకునే. ఒక సైజు పెద్దవి కావడంతో అతనికి సరిపోయాయి. తిరిగొచ్చి, రూలు ప్రకారం గడప బయట విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవాడు.

జనవరి చివర ఒక మధ్యాహ్నం మళ్ళీ మబ్బు పట్టింది. నర్సింగ్ అన్నం పెట్టుకుంటున్నాడు. రాజం గోడ పట్టుకుని లేచాడు, ఒంటికాలి మీద గెంతుకుంటూ గడప దాటాడు. పొద్దున పెట్టుకున్న సింధూరం ఇంకా నుదుటినే ఉంది. వంగి రెండు చేతులతో రెండు బూట్లూ పట్టుకుని లోపలికి తెచ్చి అంజన్న పటం కింద పెట్టాడు. పెట్టి, చతికిలబడి, ఎడమ బూటులో మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. లోపల వెచ్చగా, జిగటగా, ఇంకొకడి చెమట.

"ఛీ," అన్నాడు మొహం ముడుచుకుని, వేళ్ళతో కొన దాకా తడుముతూ.

నర్సింగ్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "కాకా, నా కాలుకు తెలివి మంచిగనే ఉన్నది. రాయి ఉంటె నాకు తెలుస్తది."

"కాలు చెప్పేది నమ్మద్దురా," అని రాజం చెయ్యి బయటికి తీసి, రెండో బూటులో పెట్టాడు.