డాక్టరుకు చెప్పని మాత్ర

ఆ రోజు పితికిపప్పు పులుసు చేశాను. మా అమ్మాయి హరిణి ఆఫీసు నుంచి వచ్చి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అమ్మా, ఉప్పు తక్కువుండాది" అంది. అంతే. గిన్నె లాక్కుని పులుసంతా సింకులో కుమ్మరించాను. ఆ అనపగింజలు పిదకడానికి పొద్దున్నుంచీ వేళ్ళు నొప్పి పుట్టేలా కూర్చున్నదాన్ని నేనే. హరిణి పెరుగన్నం కలుపుకుని తిని లేచింది. నేను మేడ మీదికి పోయి ఏడ్చాను. ఆ కోపం నాది కాదనిపించి భయమేసింది.

నాకప్పుడు నలభై అయిదు. యలహంక పాత ఊళ్ళో అత్త, మా ఆయన, హరిణి, నేను. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఆ ఏడాది సరిగా నిద్రే లేదు. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు, గుండె దడ. నెలసరి రెండు నెలలు రాదు, వచ్చిందంటే ఆగదు. ఎవరైనా పలకరిస్తే కస్సుమనేదాన్ని, పలకరించకపోతే ఏడ్చేదాన్ని. అత్త దిష్టి తీసింది. మా ఆయన "వయసు కదా" అని పేపర్లో తల పెట్టేశాడు.

హరిణి మారతహళ్ళిలో పీజీ హాస్టల్ చూసుకుంది. ఆఫీసు దగ్గర, ట్రాఫిక్ బాధ ఉండదంది. బ్యాగు సర్దుకుంటూ మెల్లగా అసలు మాట చెప్పింది. "రోజూ ఇంటికొచ్చేటప్పుడు భయంగా ఉండాదమ్మా." ఒక్కగానొక్క బిడ్డ నా వల్ల ఇల్లు వదిలిపోతోంది. ఉండమని చెప్పడానికి కూడా ధైర్యం చాల్లేదు. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో నాకే నమ్మకం లేదు.

అప్పుడు ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు ఓపిగ్గానే చూశాడు. ఈసీజీ, షుగరు, థైరాయిడ్ అన్నీ నార్మల్. హిమోగ్లోబిన్ తక్కువ. "వేరే టాబ్లెట్స్ ఏమైనా తీసుకుంటున్నారా?" అన్నాడు. "ఏమీ లేవు సార్" అన్నాను. ఆ మాట నిజమనే అనుకున్నాను. ఐరన్ రాసి, "స్ట్రెస్ తగ్గించుకోండమ్మా" అన్నాడు. ఎట్లా తగ్గించుకోవాలో మాత్రం చీటీలో రాయలేదు.

నేను మింగుతున్న మాత్ర ఒకటుంది. వరలక్ష్మీ వ్రతం, గౌరి పండగ, తిరుపతి ప్రయాణం, ఎవరింట్లోనో గృహప్రవేశం, ఏదొచ్చినా నెలసరి అడ్డం రాకుండా వెనక్కి జరిపే మాత్ర. మా ఈడు ఆడవాళ్ళందరికీ తెలిసిందే, అత్తలకు మాత్రం చెప్పుకోం. మెడికల్ షాపాయన చీటీ కూడా అడగడు. "ఏమక్కా, ఏం ఫంక్షను?" అంటాడు. పెద్దకోడల్ని కాబట్టి పెళ్ళయినప్పటి నుంచీ ఇంట్లో పూజలన్నీ నా చేతుల మీదే. ఆ మాత్రల్ని పసుపు, కుంకుమ, కర్పూరంతో పాటు పూజ సామాను డబ్బాలో పెట్టుకునేదాన్ని. అది మందన్న ఆలోచనే నాకు లేదు.

ఇంతలో హొసకోటెలో మా మరిది గృహప్రవేశం వచ్చింది. నెలసరి ఎప్పుడొస్తుందో తెలియని స్థితి కాబట్టి ముందుగానే మొదలుపెట్టి, ఎక్కువ రోజులు వేసుకున్నాను. పాలు పొంగించడం దగ్గర్నుంచి వడ్డన దాకా నిలబడి చేశాను. అందరూ మెచ్చుకున్నారు. మాత్ర ఆపాక మొదలైన బ్లీడింగ్ వారం దాటినా ఆగలేదు. ఒక మధ్యాహ్నం కుట్టుమిషను మీదే స్పృహ తప్పాను.

ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. హరిణి సెలవు పెట్టి పరుగెత్తుకొచ్చింది. ఈసారి చూసింది లేడీ డాక్టరు, అనంతపురం వైపు మనిషి. ఆమె టాబ్లెట్ల సంగతి వేరేగా అడిగింది.

"పూజలకీ పెళ్ళిళ్ళకీ డేట్ వెనక్కి జరిపేదానికి ఏమైనా వేసుకుంటారామ్మా?"

"అది వేసుకుంటా మేడం. ఎవరు వేసుకోరు?"

"ఏడాదికి ఎన్నిసార్లు?"

పండగలు వేళ్ళ మీద చెప్పడం మొదలుపెట్టాను. రెండో చేతికి రాగానే ఆమె "చాలమ్మా" అంది.

స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర మందంగా ఉందని, అందులోంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేశారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో క్యాన్సర్ అన్న మాట ఎవరూ పలకలేదు, అందరం అదే అనుకున్నాం. అలాంటిదేమీ లేదని తేలింది. "ఇది పెరిమెనోపాజ్, నెలసరి ఆగిపోయే ముందు దశ" అంది డాక్టరు. "ఈ వయసులో హార్మోన్లు నిలకడగా ఉండవు. నిద్ర పట్టకపోవడం, చెమటలు, కోపం, ఏడుపు అన్నీ దాంతోనే రావచ్చు. దానికి తోడు మీరు ఆ మాత్రతో బయట నుంచి ఇంకో హార్మోన్ వేసుకుంటా ఉండారు. కొందరికి దాంతో మూడ్ ఇంకా పాడైతాది. బ్లీడింగ్ ఎందుకు లెక్క తప్పుతోందో మాకూ తెలియకుండా పోయింది. మీకు పిచ్చీ లేదు, పొగరూ లేదు."

పక్కనే నిలబడి విన్న హరిణి బయటికొచ్చాక, "నేనంటేనే నీకు విసుగు పుట్టిందేమో అనుకున్నా" అంది. "నీ మీద కాదే" అన్నాను. మళ్ళీ నేనే "కొంచెం నీ మీద కూడా" అన్నాను. ఇద్దరం నవ్వాం, తర్వాత ఏడ్చాం.

మందు పడగానే బాగైపోయానని రాయాలనే ఉంది. అట్లా జరగలేదు. గర్భసంచిలో హార్మోన్ ఉండే చిన్న పరికరం పెట్టారు. ఐరన్ ఇంజెక్షన్లు, కౌన్సెలింగ్, మూడ్‌కి ఒక మాత్ర. అది పడక వాంతులైతే ఇంకోటి మార్చారు. మధ్యమధ్యలో మరకలు కనిపించే స్పాటింగ్ నెలల తరబడి పోలేదు. ఆటో ఎక్కడం, టోకెన్ తీసుకోవడం, బెంచీ మీద కూర్చోవడం. కొన్నిసార్లు ఇంత అవస్థ ఎందుకు, ఇట్లాగే ఉండిపోదామనిపించేది.

వరలక్ష్మీ వ్రతం ముందురోజు మళ్ళీ స్పాటింగ్ కనిపించింది. పాత అలవాటు, చెప్పులేసుకుని మెడికల్ షాపుకి బయల్దేరాను. ఆసుపత్రిలో మాత్ర సంగతి తెలుసుకున్న అత్త గడపలో అడ్డం నిలబడింది.

"యాడికి పోతా ఉండావు? ఈ శుక్రవారం కాకుంటే వచ్చే శుక్రవారం చేసుకుంటాం. అట్ల చేసుకునేది ఎప్పట్నుంచో ఉండాది."

"ఇన్నేండ్లు ఈ మాట యాడ పెట్టుకుంటివత్తా?"

"నీకు ఎప్పుడూ అడ్డమే రాకపాయె కదమ్మా. పుణ్యం చేసుకున్న మనిషివనుకుంటిని."

కోప్పడడానికి కూడా ఓపిక లేదు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి పడుకున్నాను.

ఇప్పుడు నాకు నలభై ఏడు. కాస్త నిద్ర పడుతోంది. చెమటలు అట్లాగే ఉన్నాయి. కోపం వచ్చే రోజున "ఈ పొద్దు నాకు బాగలేదు" అని ముందే చెప్పేస్తాను, ఆ పూట మా ఆయన ఉప్మా చేస్తాడు. హరిణి పీజీ ఖాళీ చెయ్యలేదు. శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే పోతుంది. వచ్చెయ్యమని నేను అడగలేదు. ఒక్కోసారి నేను గట్టిగా మాట్లాడితే దాని చెయ్యి కంచంలో ఇప్పటికీ ఆగిపోతుంది. అది చూసి గొంతు తగ్గిస్తాను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే, చీటీ లేకుండా కొనుక్కున్నవి కూడా చెప్పండి, పండక్కి వేసుకున్నవైనా సరే. నేను చెప్పలేదు. ఏడాది పాటు నా బిడ్డ నన్ను చూసి భయపడింది.