సారు ఉతకమన్న గొంగళి

మేం చిన్నగా ఉన్నప్పుడు... కంబదూరు పక్కన మా పల్లెలో చలికాలం వచ్చిందంటే నా పళ్ళు వాటంతటవే టకటకా కొట్టుకునేవి. ఇంట్లో అందరికంటే నాకే చలి ఎక్కువ. "వీణ్ణి పొయ్యిలో పెట్టినా వణుకుతాడు" అనేది మా అక్క.

నా బాధ చూడలేక మా అవ్వ నాకోసం గొంగళి చేయించింది. మా గొర్రెల ఉన్నే. రెండేళ్ళు కూర్చుని తనే కదురు మీద వడికింది. నేయించాక చింతగింజల గంజి పట్టించింది... ఆ గంజికే అది బిగుసుకుని గాలి దూరనీయదు. ఒక మూల మడిచి నెత్తిన వేసుకుంటే మోకాళ్ళ దాకా చలి అనేదే తెలిసేది కాదు. వాసన వచ్చేది, ఒప్పుకుంటా. గొర్రె ఉన్ని మల్లెపూల వాసన రాదు కదా...

ఐదో తరగతి సారు టౌను నుంచి వచ్చేవాడు. మెడకు మఫ్లరు. మేం తలా ఇంత శెనక్కాయ పొట్టు తెస్తే, వరండాలో మంట వేయించుకుని ఒక్కడే కాచుకునేవాడు. ఒకరోజు గొంగళి కప్పుకుని కూర్చున్న నన్ను లేపి నిలబెట్టాడు.

"ఏమిరా, గొర్రెను తోలుకొచ్చినావా బడికి?"

క్లాసంతా నవ్వింది. రోజూ వాళ్ళను నవ్వించేది నేనే... ఆ రోజు మాత్రం నన్ను చూసి నవ్వారు.

"ఉతికినాకనే కప్పుకొని రా. లేదంటే రావాకు."

గొంగళిని ఉతకరు. దులిపి ఎండలో వేస్తారు, అంతే. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ నాకు బడీ కావాలి, గొంగళీ కావాలి. అవ్వ సంతకు పోయిన రోజు కాగులో నీళ్ళు మరగబెట్టి, చాకలి సోడా వేసి, కట్టెతో బాగా కలియబెట్టాను. గంజి పోయింది... ఉన్ని ముడుచుకుపోయింది. ఆరాక చూస్తే గోనెపట్ట అంత కూడా లేదు.

అవ్వ వచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొడుతుందేమోనని నేను దూరంగా నిలబడ్డా.

"ఎవురు జెప్పినార్రా ఉతకమని?"

"సారు."

"ఆ సారుకు ఒక్క గొర్రె అన్నా ఉండాదా?"

అంతే. కొట్టినా బాగుండేది...

మర్నాడు ఉత్త చొక్కాతో బడికి పోయి వణుకుతూ నిలబడ్డా.

"ఇప్పుడు మనిషి మాదిరి ఉండావు" అన్నాడు సారు.

ఆయన మంటకు నేను తెచ్చిన పొట్టులో గుప్పెడు ఎండు మిరపకాయలున్నాయి. కాసేపటికి సారూ, మఫ్లరూ, బడీ అందరం దగ్గుతూ బయటపడ్డాం. నవ్వు ఆపుకోలేక నేనే దొరికిపోయా. ఆ రోజుతో నా చదువు సరి. ఆ చలికాలమంతా గోనెసంచి కప్పుకుని గొర్రెల వెంట తిరిగా. పొగ పెట్టినందుకు నాకు ఈ రోజుకీ బాధ లేదు. ఉతికినందుకే ఉంది.

మొన్న స్నేహితులం కలిసి అనంతపురంలో ఒక పెద్ద హోటలుకు పోయాం. ఏసీ చలికి మళ్ళీ పళ్ళు టకటకా... ఎదురుగా గోడ మీద, అద్దం వెనక, నల్ల గొంగళి. దానికొక లైటు కూడా.

"ఏమప్పా, ఆ గొంగళి దించి ఇస్తావా? చలి పెడతాంది."

"అది చూసేదానికి అన్నా. కప్పుకునేదానికి కాదు" అన్నాడు సర్వరు.

మా టేబులు దగ్గర అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మా ఒంటి మీద ఉంటే కంపు కొట్టింది... గోడకెక్కాక అందమొచ్చిందా?

మీకూ అట్లాంటి గొంగళి ఒకటి ఉండే ఉంటుంది. రాయండి... మీ ఒంటి మీంచి దాన్ని తీయించింది ఎవరో కూడా చెప్పండి. మిరపకాయలు నేను తెస్తా.