సాంబారుకు తోడు

తోడు అనే మాట వింటే నాకిప్పటికీ రోత. నిజానికి మంచి మాటే. గోరువెచ్చటి పాలల్లో వేసే చెంచాడు పెరుగును తోడు అంటాం. ఆ మాటను మా మేనేజరు తీసుకెళ్ళి ఎంగిలి బకెట్లో ముంచాడు.

మా తాలూకాను బళ్లారి జిల్లా నుంచి విడదీసి ఆంధ్రలో కలిపిన కొత్తల్లో నేను ఆదోనిలో, పత్తి ప్రెస్సుల దగ్గర ఒక హోటల్లో వంటవాణ్ణి. యజమాని బళ్లారిలో ఉండేవాడు. ఎప్పుడో ఒకసారి వచ్చి, కాఫీ తాగి పోయేవాడు. మిగతాదంతా మేనేజరు రాజ్యం. నుదుట విభూతి, ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం. చూస్తే శుభ్రత ఈయన ఇంట్లోనే పుట్టిందేమో అనిపించేది. వంటింట్లోకి వస్తే ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. ఆ కంపు తన పుణ్యమేనని ఆయనకు తెలియదా? బాగా తెలుసు.

మేం ఇడ్లీకి సాంబారు చిన్న ఇత్తడి గిన్నెల్లో ఇచ్చేవాళ్ళం. తిన్నవాళ్ళు గిన్నెల్లో వదిలేసింది ఒక బకెట్లోకి వంపి దాచేవాళ్ళం. మర్నాడు కొత్త సాంబారు తెర్లేటప్పుడు ఆ బకెట్టు తెచ్చి డేక్సాలో గుమ్మరించాలి. దానికి మేనేజరు పెట్టిన పేరు తోడు. "తోడేసినావా?" అని గల్లా దగ్గర నుంచే అరిచేవాడు. బల్లల ముందు కూర్చున్నవాళ్ళకూ వినబడేది. పెరుగు సంగతి అనుకునేవాళ్ళు, పాపం.

ఆరేళ్ళు ఈ చేతులతోనే వేశాను. మొదట్లో మొహం పక్కకు తిప్పుకుని వేసేవాణ్ణి. తర్వాత తిప్పుకోవడం కూడా మానేశాను. నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేసేది అక్కడే.

ఒకరోజు గరిటె తిప్పుతుంటే నమిలి ఉమ్మిన వక్క ముక్క, తమలపాకు పీచుతో సహా, పైకి తేలింది. గరిటెతో అలాగే తీసుకెళ్ళి మేనేజరుకు చూపించాను. కౌతాళం వైపు నుంచి పత్తి బండ్లు తోలుకొచ్చిన రైతులు కన్నడంలో కబుర్లు చెప్పుకుంటూ తింటున్నారు. మేనేజరు అటూ ఇటూ చూసి, ఆ ముక్కను రెండు వేళ్ళతో తీసి బల్ల కిందికి విసిరాడు. వేళ్ళు నా భుజం మీది తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"వక్కే గదరా, ఇసం గాదు. పో, పొయ్యి కాడికి పో."

తువ్వాలు తీసి గల్లా మీద పడేశాను.

"యాడికి పోతాండావ్?" అన్నాడు.

"ఎమ్మిగనూరు. నా పొయ్యి నేనే పెట్టుకుంటా."

ఆయన నవ్వాడు. "తోడెయ్యకుండా ఎట్ల నడుపుతావో నేనూ సూస్తా."

ఎమ్మిగనూరు నా భార్య పుట్టిల్లు. అక్కడ మగ్గాల సందు మొదట్లో ఒక అరుగూ, దాని వెనక వంటగదీ పెరడూ అద్దెకు తీసుకుని మట్టి పొయ్యిలు వేసుకున్నాం. ఆమె ఉగ్గాని చేసేది. బొరుగులు నానబెట్టి పిండడం, తిరగమోత పెట్టడం, పుట్నాల పొడి చల్లడం అంతా ఆమె చేతి మీదే. మిరపకాయ బజ్జీలూ ఆమెవే. ఇడ్లీ సాంబారు మాత్రం నేను. ఎంగిలి కలపకుండా కూడా హోటలు నడుస్తుందని నాకు నేను రుజువు చేసుకోవాలి. అది తప్ప నాకు వేరే పట్టుదల లేదు. మిగిలిన సాంబారు ఏ పూటకాపూట కాలవలో పారబోసి, డేక్సా బూడిదతో తోమేవాణ్ణి. ఆ తోముడు చూసి మా ఆవిడ నవ్వేది, పెళ్ళికి పెట్టుకుపోయే నగను కూడా ఇంత తోమరని.

నేతవాళ్ళు పొద్దున్నే వచ్చేవాళ్ళు. ఉగ్గాని మారు అడిగేవాళ్ళు. సాంబారు గిన్నె మాత్రం పక్కకు జరిపేవాళ్ళు.

"అన్నా, సెప్తే బాధపడొద్దు. ఆదోని హోటల్ల మాదిరి లేదు. ఆడ ఒక తీరు పులుపుంటాది సూడు, అది రాలే."

చింతపండు పెంచాను. "ఇది ఆ పులుపు గాదన్నా" అన్నారు. వాళ్ళు అడిగే పులుపు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ సందు మొత్తంలో నాకొక్కడికే తెలుసు. పది నోళ్ళ ఎంగిలిని రుచి అని లొట్టలేసుకున్న మనుషులను చూస్తే నాకు జాలి కలగాలి. కలగలేదు. చీదరేసింది. నెల తిరక్కుండానే ఇడ్లీ అడిగేవాళ్ళు సగమయ్యారు. మా ఆవిడ ఇడ్లీ మానేద్దామంది. నాకు రోషం వచ్చింది. నేను హోటలు వంటవాణ్ణి, బొరుగులు పిండుకుంటూ కూర్చుంటానా!

ఒక సాయంత్రం డేక్సా అడుగున రెండు గరిటెల సాంబారు మిగిలితే పారబోయలేదు. మన డేక్సాలోదే, ఎవరి ఎంగిలీ కాదు, అనుకున్నాను. మర్నాడు కొత్తదాంట్లో కలిపాను. "ఇప్పుడు దారికొస్తాంది" అన్నారు. ఇంకో వారానికి, ఎవరో ముట్టుకోకుండా వదిలేసిన గిన్నె కూడా అందులో వంపాను. వేలైనా పెట్టలేదు కదా అనుకున్నాను. ఆ తర్వాత ఏ గిన్నె ముట్టారో, ఏది ముట్టలేదో చూడ్డం మానేశాను. మా ఆవిడ పెరట్లో బొరుగులు చెరుగుతున్నప్పుడు వంపేవాణ్ణి. నన్ను ఎవరూ గల్లా దగ్గర నుంచి అరిచి అడగలేదు. నేనే వేశాను.

ఒక రోజు రద్దీ తగ్గాక ఆమె రెండు ఇడ్లీలు పళ్ళెంలో పెట్టుకుని సాంబారు గరిటె అందుకుంది. నేను గబుక్కున మణికట్టు పట్టుకున్నాను.

"అది నీకొద్దు. పొడి యేసుకో."

"ఏం? ఎందుకొద్దు?"

ఆమె డేక్సాలోకి వంగి వాసన చూసింది. బల్ల కింద నేను మూత పెట్టి దాచిన గిన్నెను కాలితో ముందుకు లాగి, మూత తీసింది. కొరికి వదిలేసిన మునక్కాయ ముక్క ఒకటి అందులో తేలుతోంది.

"ఊరోళ్ళందరికీ పెట్టొచ్చు, నాకు పెట్టగూడదా?" అంది.

అంతలో అరుగు మీద నుంచి ముసలి నేతాయన కేకేశాడు. "ఈ పొద్దు కుదిరిందప్పా సాంబారు! అచ్చం ఆదోని రుచే. ఇంగో గరిటె పొయ్యి!"

ఆమె గరిటె నా చేతిలో పెట్టింది.

"పో, నువ్వే పొయ్యి. నా చేత్తో నేను పొయ్యను."

బయట ఆయన ఖాళీ గిన్నె చాపి నవ్వుతూ చూస్తున్నాడు. నేను వెళ్ళి పోశాను.