బూడిదలో దాచిన జొన్నలు

ముప్పై ఏళ్లు సండే స్కూల్లో విత్తువాని పాఠం చెప్పాను. రంగుల పటం గోడకు తగిలించి, ఇది దారి పక్కన పడిన విత్తనం, ఇది రాతి నేల, ఇది ముళ్ల పొద అని బెత్తంతో చూపించేదాన్ని. పిల్లలు అన్నీ గడగడా అప్పజెప్పేవారు. ఆ ముప్పై ఏళ్లలో ఒక్క గింజ మొలవడమైనా నేను కళ్లతో చూడలేదు. బోయిగూడలో మూడో అంతస్తులో ఉండేదాన్ని, ఎక్కడ చూస్తాను?

బడి ఉద్యోగం నుంచి రిటైరైన వేసవిలో మా సంఘం స్త్రీలం ఎనిమిది మందిమి మెదక్ వైపు ఒక ఊరికి సేవకు వెళ్లాం. ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ల ఇళ్లు శుభ్రం చేసి, సున్నం వేసి, నేలకు సిమెంటు గచ్చు చేయించడం పని. తాపీమేస్త్రీ ఆ ఊరివాడే. మిగతాదంతా మా చేతులతోనే. పెద్దదాన్ని కాబట్టి నన్ను లీడర్ అన్నారు. నాకూ ఆ మాట బాగానే నచ్చింది.

మూడో ఇల్లు ఒక అవ్వది. డెబ్బై దాటినా పొద్దున్నే ఉపాధి పనికి పోయేది. "మీరు చేసుకోండ్రి బిడ్డా, నేనొచ్చేసరికి నా ఇల్లు నాకు గుర్తుపట్టరాకుంట చేస్తరేమో" అని నవ్వుకుంటూ వెళ్లింది.

సామాను బయట పెడుతుంటే మూలన ఒక వెదురు గంప కనిపించింది. మూతి మొత్తం పేడ, ఎర్రమట్టి కలిపి పూసేసి ఉంది. అది ఎండి రాయిలా బిగుసుకుపోయింది. "పాపం, ఎలుకలు దూరకుండా మూసినట్టుంది, ఎప్పటిదో" అన్నాను. తాపీతో నేనే పగలగొట్టాను. లోపల ఎండిన వేపాకు. దాని కింద బూడిద, బూడిదలో కలిసిపోయిన జొన్నలు.

"సిస్టర్, ముట్టుకోకుండా ఉంటే మంచిదేమో. ఆమె వచ్చాక అడుగుదాం" అంది మాలో చిన్నామె.

"బూడిద పట్టిన గింజలు తింటే ఆమెకు రోగమొస్తుంది. అడిగేదేముంది?" అన్నాను.

బోరింగు దగ్గర పెద్ద టబ్బులో పోసి మూడు నీళ్లు కడిగాను. మొదటి నీళ్లు నల్లగా పోయాయి, మూడో నీళ్లు తేటగా వచ్చాయి. గింజలు లేత పసుపు రంగులో మెరిశాయి. పక్కింటి డాబా మీద నల్ల టార్పాలిన్ పరిచి ఎండకు పోశాను. మే నెల ఎండ. మనసులో దేవుణ్ణి స్తుతించాను కూడా. ఇవాళ ఒక ముసలి తల్లికి మంచి పని జరిగిందని.

పదకొండింటికి అవ్వ వచ్చింది. తెల్లటి గోడలను చూడలేదు. మూలకే చూసింది.

"నా ఇత్తుల గంప ఎవలిప్పిండ్రు?"

చెప్పాను. చెబుతుంటే నా గొంతులో హుషారు దానంతటదే తగ్గిపోయింది. అవ్వ గడప మీద కూర్చుంది. పక్కింటామె మాత్రం డాబా మెట్లు దిగుతూనే అందుకుంది.

"ఏందమ్మా టీచరమ్మా, పట్నంల గిట్లనే చేస్తరా? గుడ్లను సుత సబ్బు పెట్టి కడిగి కోడికింద పెడ్తరా?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. "గా పచ్చ జొన్న ఈ ఊర్ల గామె తాన్నే ఉన్నది. మేమందరం పత్తికి పోయినం. వానలు మోసం జేసిన ఏడు గదే మా కడుపు నింపింది. మళ్ల ఎవరికన్న కావాల్నంటే ఈ గడపకే రావాలె. గది సచ్చిందంటే ఇగ ఊరంత ఎతికినా దొరకది."

అప్పుడు అర్థమైంది నేను కడిగిందేమిటో. బూడిద పురుగు పట్టకుండా, వేపాకు బూజు రాకుండా, పేడపూత గాలి తగలకుండా. గంపంతా ఒక కాపుదల. సంఘంలో భస్మ బుధవారం నాడు మేం మట్టి నుంచి వచ్చామని, మట్టికే పోతామని తలుచుకుని తలలు వంచుతాం. బూడిద అంటే నాకు ఎప్పుడూ చావే గుర్తొచ్చేది. ఈ చదువురాని తల్లి దానిలోనే ప్రాణాన్ని దాచిపెట్టింది.

అవ్వ లేచి డాబా ఎక్కింది. గింజ తీసి పంటికింద పెట్టి చూసింది. "ఎండల నుంచి తియ్యిండ్రి. జెర నీడ, జెర గాలి" అంది. టార్పాలిన్ మీంచి ఎత్తి, ఈతచాప మీద వసారాలో పరిచాం. గంటకోసారి వేళ్లతో కదుపుతూ ఆమె, ఆమెను చూసి నేను. ఆమె వేళ్లు గింజల్లో నడుస్తుంటే చప్పుడే ఉండేది కాదు.

"బతికినయో లేదో ఎట్లా తెలుస్తుందవ్వా?"

"అడుగుదాం" అంది.

కుప్పలో అక్కడొకటి ఇక్కడొకటి ఏరి, ఐదేసి చొప్పున నాలుగుసార్లు లెక్కపెట్టింది. తడిపిన గోనెపట్టలో చుట్టి, పైన గడ్డి కప్పి, నీళ్లకుండ పక్కన పెట్టింది. "మూడొద్దులు" అంది.

మరునాడు మా వాళ్లందరూ సికింద్రాబాద్ వెళ్లిపోయారు. నేను వెళ్లలేకపోయాను. "మీరుండి ఏం చేస్తారు సిస్టర్, మొలిస్తే మొలుస్తాయి" అన్నారు. నిజమే. ఏం చేస్తాను? అయినా ఉండిపోయాను. అవ్వ నాకు రొట్టె పెట్టింది. గచ్చు ఆరేదాకా ఇద్దరం వసారాలోనే. ఆ మూడు రోజులూ ప్రార్థించడానికి మోకరిస్తే నాకు మాటలు రాలేదు. రోగుల కోసం ప్రార్థించడం తెలుసు, పరీక్షలు రాసే పిల్లల కోసం తెలుసు. ఇరవై జొన్నగింజల కోసం ఎట్లా ప్రార్థించాలో ఎవరూ నేర్పలేదు. "ప్రభువా, నేను చేసింది వాటి మీద పడనివ్వకు" అని మాత్రం అన్నాను.

రెండో రోజు అవ్వ తనే చెప్పింది. పెళ్లప్పుడు వాళ్లమ్మ ఒడిబియ్యంలో దోసెడు జొన్నలు కలిపి పంపిందట. "అత్తగారింట్ల ఏం పండుతదో ఏమో, గివి మాత్రం పండుతయి అన్నది. నేను మూడు రోజులు కూసొని బియ్యంల నుంచి ఒక్కొక్క గింజ ఏరిన. మా అత్త అన్నది, కోడలికి బియ్యంల రాళ్లు ఏరుడు రాదు గని జొన్నలు ఏరుడు మస్తొస్తదని." చెప్పి తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి ఏటా విత్తి, ఏటా దాచి, అరవై వానకాలాలు దాటించిన గింజ అది. ఒక్క పూటలో మూడు నీళ్లు పోశాను.

మూడో రోజు పొద్దున పక్కింటామె కూడా వచ్చి నిలబడింది. అవ్వ గోనెపట్టను నా చేతికిచ్చింది. "కడిగింది నువ్వు, ఇప్పేది సుత నువ్వే."

విప్పాను. మొదటి మడతలో గింజలు ఉబ్బి, మెత్తబడి, వాసన వేస్తున్నాయి. రెండో మడత తీశాను. ఒక గింజ పక్కన నూలుపోగంత తెల్లటి వేరు. దాని పక్కన ఇంకొకటి. వేరు మీద కంటికి కనపడీ కనపడని నూగు, దాని మీద తడి. నేను కడిగి, ఎండలో మాడ్చిన గింజ నా అనుమతి అడక్కుండా, నన్ను తప్పు పట్టకుండా, లేచింది. ఈస్టరు ఉదయాన సమాధుల తోటలో నిలబడి ఎన్నేళ్లు పాడాను! ఆ పాటలో ఉన్నదేమిటో ఆ వసారాలో గోనెగుడ్డ మీద చూశాను. అక్కడే కూలబడ్డాను.

అవ్వ లెక్కపెట్టింది. ఇరవైకి పదకొండు.

"సగం మీద ఒకటి" అంది. "ఈ యేడు ఎవలకు ఇయ్య. అన్నీ నేనే ఇత్తుత, దగ్గర దగ్గర పోస్త. లేసినయి లేస్తయి."

పక్కింటామె నా వైపు చూసి, "లెవ్వు టీచరమ్మా, ఛాయ్ తాగుదువు. గింజలే లేసినయి, నువ్వు లెవ్వకపోతే ఎట్ల?" అంది.

మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డాక వెళ్లాను. నాగలి వెనక సాలులో అవ్వ గింజ విడుస్తుంటే గట్టు మీద నిలబడ్డాను. వారం తర్వాత మళ్లీ వెళ్తే నల్లనేల మీద సన్నటి పచ్చగీతలు. మధ్యమధ్య ఖాళీలు. ఆ ఖాళీలు నావి. మూడు నెలలకు చేను నా తల దాటింది. ఖాళీల పక్కనున్న మొక్కలు చోటు దొరికి మరింత లావెక్కాయి. కంకి ఒకటి వంచి చూస్తే ఎన్ని గింజలో లెక్క తేలలేదు. పటంలో మంచి నేల చూపించి, ఇక్కడ పడిన గింజ నూరంతలు పండింది అని ఎంత తేలిగ్గా చెప్పేదాన్ని!

కోతలయ్యాక అవ్వ, "కొంగు పట్టు" అంది. పట్టాను. రెండు దోసిళ్లు పోసింది.

"నాకెందుకవ్వా? నేను పాడుచేసినదాన్ని."

"గందుకే. నువ్వు మళ్ల కడగవు" అంది. "ఒక్క ఇంట్ల ఉంటే ఒక్క తప్పుకే పోతది. నీ తాన జెర, నా తాన జెర. వానకాలానికి పట్టుకురా, కలిపి ఇత్తుదాం. కోసినంక మళ్ల కొత్తయి తీస్కపో."

మా ఇంట్లో పొయ్యి లేదు, గ్యాసే. బూడిద కోసం వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడిగాను. "టీచరమ్మా, గిన్నెలు తోమనీకి లిక్విడ్ దొరుకుతలేదా?" అన్నాడు. విషయం చెప్పాక పెట్టెలోని బూడిద చల్లార్చి, జల్లించి మరీ ఇచ్చాడు. వేపాకు తిరుమలగిరి రోడ్డు పక్కన కోసుకొచ్చాను. పాత బిస్కెట్ల డబ్బాలో గింజలు, బూడిద కలిపి, మూతి చుట్టూ పేడ, మట్టి నా చేత్తోనే పూశాను. ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టిన చెయ్యి.

డబ్బా నా బైబిలు పెట్టుకునే అలమరలోనే, కింది అరలో ఉంది. ఆదివారం ఆరాధనకు బయల్దేరే ముందు వంగి, పూత చుట్టూ వేలితో తడిమి చూస్తాను, ఎక్కడైనా పగులు పడిందేమోనని.