పదకొండో గుర్తు
పాత మ్యాపులు సరిచేసే ఆమెను ఆఫీసులో అందరూ మ్యాపులక్క అనేవారు. కాగితం మ్యాపును స్కాన్ చేస్తే ఉన్నది ఉన్నట్టు రాదు. చెమ్మకు ఒక పక్క సాగి ఉంటుంది, మడత దగ్గర ముడుచుకుని ఉంటుంది, స్కానర్ లాగినచోట గీత వంకర పోతుంది. తెర మీద ఆ బొమ్మలో ఒక బావినో కూడలినో పట్టుకుని, నేల మీద కొలిచిన అసలు చోటుతో జత కలపాలి. అలాంటి గుర్తులు పది పన్నెండు పెడితే బొమ్మంతా సర్దుకుంటుంది. పంతొమ్మిదేళ్లుగా ఆమె పని అదే.

భర్త పోయిన మూడో వారంలో తిరిగి పనిలో చేరింది.

"ఇంకొన్నాళ్లు ఆగాల్సిందమ్మా," అన్నాడు పెద్దసారు.

"ఇంట్లో ఏం చెయ్యను సార్?"

గోడకేసి చూస్తూ కూర్చోవడానికీ, తెరకేసి చూస్తూ కూర్చోవడానికీ ఆమెకు పెద్ద తేడా తెలియలేదు.

ఆ రోజు మ్యాపులో పది గుర్తులు బుద్ధిగా కుదిరాయి. పదకొండోది, ఒక స్కూలు ప్రహరీ మూల, ఆరు మీటర్లు పక్కకు పోయింది.

"తీసిపారెయ్యక్కా, పీడా పోతుంది," అన్నాడు నేల మీద చోట్లు కొలిచొచ్చే కొలతలాయన.

ఆమె తియ్యలేదు. మధ్యాహ్నం అతన్ని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

స్కూలు దగ్గర కాపలా ముసలాయన చెప్పాడు: "పాత గోడ వానకు కూలిందమ్మా. రోడ్డు కోసమని కొత్తది లోపలికి జరిపి కట్టారు."

గడ్డి పక్కకు తోస్తే పాత పునాది రాళ్లు కనిపించాయి. కొలతలాయన అక్కణ్ణించి కొత్త గోడ దాకా టేపు పరిచి చూశాడు. సరిగ్గా ఆరు మీటర్లు.

"మ్యాపు అబద్ధమాడలేదక్కా, గోడే నడిచెళ్లింది!" అని నవ్వాడు. నవ్వాలి కాబట్టి ఆమె కూడా నవ్వింది.

అప్పుడే ఇంట్లో సాయంగా ఉన్న ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, అన్నయ్య చొక్కాలు ఎవరికైనా ఇచ్చేద్దామా?"

"ఇచ్చెయ్యి."

"నీకు ఒక్కటైనా ఉంచనా? ఏది ఉంచమంటావ్?"

ఎంత తలచుకున్నా ఆమెకు ఒక్క చొక్కా రంగూ గుర్తు రాలేదు.

"నీకు తోచింది ఉంచు."

అవతల ఏడుపు వినిపించింది. అది ఆగేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది. తర్వాత, "తిన్నావా?" అని అడిగింది.

ఆఫీసుకు వెళ్లి గుర్తును పాత పునాది మూలకు మార్చింది. మ్యాపు కుదిరింది. పెద్దసారు మెచ్చుకున్నాడు. ఆమె ఇంకో మ్యాపు తెరిచింది.

సాయంత్రం ఇంటికొస్తే మంచం మీద నీలం గళ్ల చొక్కా ఉంది. దానికి ఒక బొత్తాం లేదు.

"ఎప్పుడు ఊడిందో," అంది ఆడపడుచు.

"నేనూ చూసుకోలేదు."

సూదీ దారం తెచ్చుకుని, కిటికీ పక్కన కూర్చుని బొత్తాం కుట్టింది. చొక్కా మడతపెట్టి పక్కన పెట్టి, "రా, తిందాం," అంది.